అల్లం చేలో ఇండియా ఓడిన సాయంత్రం

జహీరాబాద్ మార్కెట్లో అల్లం బస్తాలు దించే చోట ఇప్పటికీ నా నడక నెమ్మదిస్తుంది. అప్పుడే తవ్విన అల్లానికి అంటుకున్న మట్టి వాసన, తడిసిన గోనె వాసన, వాటి మీదుగా బొంబాయి రోడ్డు లారీల పొగ కలిసి వస్తే నాకు వంట గుర్తుకు రాదు, ఫుట్‌బాల్ గుర్తుకు వస్తుంది. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. నవ్వకుండా వినేది మా అన్న బసవరాజు ఒక్కడే. అతను పోయి ఇంకా ఏడాది నిండలేదు.

మాది మొగుడంపల్లి దగ్గర పల్లె. నాయనమ్మ కన్నడంలో తిట్టేది, మేము తెలుగులో జవాబు చెప్పేవాళ్ళం. ఎండలు ముదిరే వేళకు అల్లం తవ్వడం అయిపోయేది. విత్తనానికి ఉంచిన అల్లాన్ని వేపచెట్టు నీడన గుంతలో పోసి, ఎండుటాకులు కప్పి, పైన మట్టితో మెత్తాక, మళ్ళీ తొలకరి దాకా ఆ చేనుతో పెద్దవాళ్ళకు పని ఉండేది కాదు. ఆ రోజులన్నీ మా ఇద్దరివి. ఉగాదికి పూర్ణం పెట్టి చేసిన బక్షాలు మర్నాటికి బిరుసెక్కితే అమ్మ పెనం మీద నెయ్యి వేసి కాల్చి చేతిలో పెట్టేది, తింటూనే చేనుకు పరుగెత్తేవాళ్ళం. గోలు కోసం చేనుకు అటు కొసన రెండు, ఇటు కొసన రెండు చెరుకు గడలు పాతేవాళ్ళం. ఓడినవాళ్ళ గడలను గెలిచినవాళ్ళు అక్కడే కూర్చుని తినాలి. అది మేము పెట్టుకున్న నియమం.

అన్న బస్సులో జహీరాబాద్ హైస్కూలుకు పోయి వచ్చేవాడు. మన దేశపు కుర్రాళ్ళ ఫుట్‌బాల్ జట్టు ఎప్పుడో ఒకసారి ఇరాన్‌తో కలిసి ఆసియా కప్పు పంచుకుందని డ్రిల్లు సారు చెప్పాడట. అన్న ఆ రాత్రి అన్నం దగ్గర అదే మాట చెప్పాడు. బాపు జొన్నరొట్టె తుంచుతూ, "కప్పు గూడ పొత్తులకే తీస్కున్నరారా? పొత్తుల ఎవుసం ఎన్నడన్న కలిసొచ్చిందా?" అన్నాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అన్న నవ్వలేదు. తాను ఆ జట్టులో ఆడాలని, ఈసారి కప్పు ఎవరితోనూ పంచుకోకూడదని అతను నిశ్చయించుకున్నాడని నాకొక్కదానికే తెలుసు.

ఆ జట్టు వార్త పేపరులో చివరి పేజీ అడుగున, వేలెడంత జాగాలో వచ్చేది. బస్టాండు పక్క చాయ్ హోటల్లో అన్న దాన్ని నిలబడే చదివి వచ్చేవాడు. చాలాసార్లు ఓటమి వార్తే. అర్హత పోటీలు దాటడమే గగనంగా ఉండేది. అన్న బస్సు దిగి పుస్తకాల సంచి ఈడ్చుకుంటూ వస్తే ఓడారని దూరం నుంచే తెలిసేది. ఆ సాయంత్రం ఆ ఆటను మేము మళ్ళీ ఆడేవాళ్ళం, ఇండియా గెలిచేదాకా.

"ఇయ్యాల నువ్వు జపాన్," అనేవాడు.

"మొన్న కొరియా నేనే, అటు మొన్న ఇరాక్ నేనే. నన్నొక్కపారి ఇండియా కానియ్యే అన్నా."

"నువ్వు ఇండియా అయితే ఇండియా ఓడుతది. గంత గూడ సమజ్ కాదా?"

ఆ దేశాలు ఎక్కడున్నాయో తెలియకముందే నేను వాటి తరఫున ఓడిపోయాను. నా గడలు నమిలి పిప్పి ఊస్తూ అన్న ఆ రోజు కొట్టిన గోల్స్ అన్నీ మళ్ళీ చెప్పేవాడు. ఇండియా కావాలన్న కోరిక తప్ప నాకు ఆ వయసులో వేరే కోరిక ఉన్నట్టు గుర్తు లేదు.

పదో తరగతి పరీక్షలయ్యాక, హైదరాబాద్‌లో జూనియర్ జట్టు శిబిరానికి పిల్లలను ఎంచుతున్నారని సారు వచ్చి అన్నను వెంట తీసుకుపోయాడు. నాయనమ్మ రొట్టెలు, నువ్వుల పొడి బట్టలో మూటగట్టి ఇచ్చింది. మర్నాడు పొద్దుగూకే వేళకు ఇద్దరూ తిరిగి వచ్చారు. అన్న ఎవరివైపూ చూడకుండా లోపలికి పోయాడు. సారు వాకిట్లో మంచం మీద కూర్చుని బాపుతో చెప్పాడు.

"కాలు మంచిదే పటేలా. గని బంతి యాడ పడుతదో గాడికే ఉరుకుతడు. అది పడి లేచి ముంగటికి పోతది గదా. ఎన్నిసార్లు చెప్పినా గంతే."

బాపు, "మా చేన్ల పడ్డది పడ్డకాడనే ఉంటది సారూ," అన్నాడు.

నిజమే. అల్లం కోసం లోతుగా దున్నిన నేల, దుంపలు తవ్వాక ఇంకా గుల్లబారిన నేల. బంతి పడితే దిగబడిపోయేది. ఎగిరే బంతిని మేమెప్పుడూ ఆడలేదు.

కొద్ది రోజులకు మన దేశపు కుర్రాళ్ళ జట్టు మళ్ళీ ఓడిందని తెలిసింది. నేను చేనులో గడలు పాతి ఎదురుచూశాను. అన్న ఆలస్యంగా వచ్చి, నా ముఖం చూడకుండా అన్నాడు.

"ఇయ్యాల నువ్వే ఇండియా."

నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. అయితే అన్న ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. బంతి నా కాలికి తగలనివ్వలేదు.

"జర మెల్లగ ఆడే!" అని ఏడుస్తూ అరిచాను.

"వాండ్లు మెల్లగ ఆడుతరా?" అన్నాడు.

మా చేనులో ఇండియా ఓడడం అదే మొదలు. గెలిచినవాడు గడ తినకుండా ఇంటికి పోయాడు. ఆ గడలకు చీమలు పట్టాయి. నాగలి కట్టిన రోజు బాపు వాటిని పీకి ఎడ్లకు వేశాడు. ఆ తర్వాత మేము ఆడలేదు.

అన్న ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో చేరాడు, జహీరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. నేను అదే ఊరికి కోడలిగా వచ్చి బడిలో పాఠాలు చెబుతున్నాను. బాపు పోయాక చేను ప్లాట్లయింది. ఆ తర్వాత కుర్రాళ్ళ ప్రపంచకప్పు మన దేశంలోనే జరిగింది, ఆతిథ్యమిచ్చాం కాబట్టి మనవాళ్ళకూ చోటు దొరికింది. రెండో ఆట అన్న ఇంట్లో చూశాం. మన పిల్లవాడు తలతో కొట్టి స్కోరు సమం చేస్తే అన్న నా చెయ్యి పట్టుకుని లేచి నిలబడ్డాడు. కూర్చునేలోపే అవతలివాళ్ళు ఇంకోటి కొట్టేశారు.

"ఒక నిమిషం గూడ ఉండనియ్యలే," అని నవ్వాడు. తర్వాత మెల్లగా, "రేపు చేనుకు పోదామా, చెల్లే?" అన్నాడు.

"ఇండియా ఎవలు?"

"నువ్వే. నేను ఓడిపోత."

చేను లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ పూట ఇంటికి పోయేటప్పుడు నాకు చాలా తేలికగా అనిపించింది.

జ్వరమని దవాఖానకు పోయిన అన్న తిరిగి రాలేదు. ఇప్పుడు ఆ జట్టు ఫలితం ఆట ముగిసిన క్షణంలోనే ఫోనులోకి వస్తుంది. ఒకప్పటిలా కాదు, అప్పుడప్పుడు గెలుస్తున్నారు కూడా. గెలిచిన రోజు ఏం చేయాలో మాకు నియమం లేదు. ఓడిన రోజు సాయంత్రం మాత్రం బడి నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండా గడప దగ్గర కాసేపు నిలబడతాను. ఇప్పుడు నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇండియా కావచ్చు. అవతలి దేశం కావడానికి ఎవరూ లేరు.