అమాస నాడు పన్నెండు పెట్టెలు

కురుమయ్యకు జీవితంలో రెండు బిరుదులు దక్కాయి. మొదటిది పుట్టుకతో వచ్చింది: తేనె బాలయ్య కొడుకు. రెండోది స్వయంకృషితో సంపాదించుకున్నాడు: ఈగల కురుమయ్య. పాన్‌గల్ చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా రెండో పేరుకే జవాబు వస్తుంది.

బాలయ్య ఖిల్లా ఘణపూర్ గుట్ట మీంచి నడుముకు తాడు కట్టుకుని దిగి, బండలకు వేలాడే తేనెపట్టులు కోసేవాడు. కొడుకుకు వంశపారంపర్యంగా తేనె మీద ప్రేమ వచ్చింది గాని తాడు మీద నమ్మకం రాలేదు. పదిహేనో ఏట ఒకసారి బండ అంచు దాకా పోయి, కిందికి చూసి, బోర్లా పడుకుని పాకుతూ వెనక్కి వచ్చాడు. బాలయ్య తర్వాత ఆ కుటుంబంలో ఎవరూ కొండ దిగి తేనె తేలేదు. మనిషి పైకి పోలేకపోతే తేనెటీగలనే కిందికి పిలవొచ్చన్న సంగతి కురుమయ్యకు నలభయ్యో ఏట తెలిసింది. పాలమూరులో తేనెటీగల పెంపకం మీద ఏడు రోజుల శిక్షణ ఇచ్చారు. చివరి రోజున ఒక కాగితం, ఈగలున్న రెండు పెట్టెలు చేతిలో పెట్టారు. కాగితాన్ని చెదలు తిన్నాయి. పెట్టెలు పిల్లలు పెట్టాయి.

అలా పెరిగిన పెట్టెలు పదహారైనాయి. నిరుడు, అంటే 2005లో, గద్వాల దిక్కు పత్తి చేల మధ్య పెట్టుకుంటే పూతకు కొదవ ఉండదని ఎవరో చెబితే పదహారూ తీసుకుపోయాడు. పూతకు నిజంగానే కొదవ లేదు, పురుగుమందుకూ లేదు. పదహారు పెట్టెలూ భద్రంగా వెనక్కి వచ్చాయి. ఈగలు మాత్రం ఏడింటిలోనే ఉన్నాయి. ఆ ఏడింటిని విడదీసి, చక్కెర నీళ్లు తాగించి, చంటిపిల్లల్లా కాచుకుని పన్నెండు చేయడానికి ఏడాది పట్టింది. ఈ పన్నెండూ పోతే మళ్లీ మొదలుపెట్టడానికి తల్లి పెట్టె కూడా మిగలదు. యాభై రెండేళ్ల వయసులో పూణెకు మట్టిపనికి పోవడమొక్కటే దారి. ఆ సంగతి అతనికీ తెలుసు, భార్య అంజమ్మకూ తెలుసు. కాబట్టి ఇద్దరూ దాని గురించి మాట్లాడుకునేవారు కాదు.

పెట్టెలన్నీ కురుమయ్య ఎకరం చెలక గట్టు మీద వరుసగా ఉండేవి. గట్టుకు అవతల శ్రీశైలం మూడెకరాల పొద్దుతిరుగుడు. శ్రీశైలం దూరపు వరసలో అల్లుడు. చేను పచ్చగా విచ్చుకుని, ఊరంతా ఒకే దిక్కుకు చూస్తున్నట్టు నిలబడి ఉంది. సరిగ్గా ఆ వారమే పురుగు పడింది.

“మామా, పురుగు పువ్వు తలకాయలకు దూరింది. నీ ఈగల మొఖం చూస్కుంట కూసుంటే నాకు గింజ దక్కది,” అన్నాడు శ్రీశైలం గట్టు ఎక్కి.

“ఈగలు లేకున్నా దక్కది అల్లుడా. అవి వాలితెనే పువ్వుల గింజ నిండేది. వద్దనను గని, పొద్దు గుంకినంక కొట్టు. అప్పటికి అన్ని ఇండ్లకు చేరుతయి.”

“పొద్దు గుంకినంక కరెంటేడిది? ఈ వారం మనకు పొద్దుగాల ఆరు నుంచి పది. బోరు పోయకుండ మందు దేంట్ల కలపాలె? ఉమ్మి కలపమంటవా?”

“పొద్దుగాలనే కుండల్ల నింపి పెట్టుకో.”

“మూడెకరాలకు కుండలా? ఊర్ల కుమ్మరోళ్లందరు నా చుట్టాలనుకున్నవా?”

కురుమయ్య నవ్వలేదు. “సరే. పొద్దుగాలనే కొట్టు. గని ముంగట నాకు చెప్పు. తెల్లారకముందే తలుపులు మూస్త.”

“కూలోళ్లు దొరకంగనే చెప్త. దొరకాలె గద!”

మాట ఇచ్చాడు గాని, పురుగు పడిన చేను ఉన్నవాడి మాట మీద ఎంత బరువు పెట్టాలో కురుమయ్యకు అనుభవం ఉంది. అందుకే మూడు రోజుల పాటు తెల్లవారకముందే పోయి, తడి గోనె పీలికలు పెట్టి పన్నెండు తలుపులూ మూశాడు. పదిగంటలకు కరెంటు పోయి, ఇక ఈ రోజు మందు కొట్టరని తేలాక తెరిచాడు. మూడు రోజులూ ఈగలు లోపల రుసరుసలాడాయి.

నాలుగో నాడు మార్గశిర అమావాస్య.

అమావాస్య నాడు ఆ పల్లెల్లో ఎడ్ల మెడ మీద కాడి పెట్టరు. నాగలి కదలదు, గుంటక కదలదు, బండి కదలదు. ఎడ్లను కడిగి, మేత వేసి, పెద్దమనుషుల్లా కూర్చోబెడతారు. ప్రభుత్వ సెలవులకు ఎవరైనా ఎగనామం పెట్టొచ్చు గాని ఈ సెలవుకు పెట్టరు. కురుమయ్య ముందురాత్రి ఈ విషయాన్ని అన్ని కోణాల నుంచీ పరిశీలించి ఒక తీర్పు ఇచ్చాడు: అమాస నాడు చేనులో పని ఉండదు, కనుక మందు ఉండదు, కనుక తలుపులు మూయనక్కరలేదు.

“ఇయ్యాల గూడ మూసి రారాదు? పోయేదేముంది,” అంది అంజమ్మ పొద్దున్నే.

“అమాస నాడు చేన్ల కాలు పెట్టేటోడు ఎవడే? మూడు దినాల సంది జైల్ల పెట్టిన. జర తిరగనియ్యి.”

తీర్పు మీద అప్పీలు లేదు కనుక అంజమ్మ పొయ్యి దగ్గరికి పోయింది.

ఎనిమిది కావస్తుండగా కురుమయ్య ఎడ్లను కాలువ దగ్గర కడుగుతున్నాడు. చలి ఇంకా విడవలేదు. ఒక ఎద్దును తోమి రెండోదాని వీపు మీద నీళ్లు పోస్తుంటే, దారిన ఈరన్న పోతూ కనిపించాడు. ఈరన్న ఊళ్లో మందు కొట్టే కూలీ. వీపున పంపు ఉంది.

“ఏందిరో ఈరన్నా, అమాస నాడు పంపు?”

“అమాస ఎడ్లకు గద కాకా! పంపు మోసేది నేనాయె. నా మెడ మీద కాడేమన్న ఉందా?” ఈరన్న నిలబడకుండానే అన్నాడు. “ఊరంత పని బందు. నేను ఖాళీగున్ననని శ్రీశైలమన్న తెల్లారంగనే వచ్చి పట్టుకున్నడు.”

చెంబు నీళ్లలో పడిన చప్పుడు కురుమయ్యకు వినపడలేదు. ఎడ్లను అక్కడే వదిలేసి పరుగెత్తాడు. ఇంత కాలం ఊరంతా నమ్మిన నియమంలో ఇంత పెద్ద కంత ఉందని, దానిలోంచి ఒక మనిషి పంపుతో సహా దూరిపోగలడని అతనికి తట్టనే లేదు. చేను అరమైలు దూరం. చలి తగ్గి ఎండ గట్టు మీదికి రాకముందే చేరాలి. ఎండ తగిలితే ఈగలు పనిలోకి దిగుతాయి. దిగినవాటిని వెనక్కి పిలిచే మంత్రం ఆ ఏడు రోజుల శిక్షణలో చెప్పలేదు.

గట్టు ఎక్కేసరికి ఎండ చివరి నాలుగు పెట్టెల మీద పడింది. వాటి తలుపుల దగ్గర అప్పుడే రాకపోకలున్నాయి. చేను మూలన శ్రీశైలం డ్రమ్ములో కర్రతో మందు కలుపుతున్నాడు. ఆ వాసన ముక్కుకు కాదు, నేరుగా నాలుకకే తగిలింది.

“అల్లుడా, ఆపు! చెప్త అంటివి గద!”

“చెప్పనీకె టైమేడుంది మామా? ఈరన్న ఇయ్యాల తెల్లారంగనే దొరికిండు. పది గొట్టంగ కరెంటు పోతది. అయినా నువ్వు రోజు మూస్తుంటివి గద, ఇయ్యాల మూయలేదా?”

ఆ ప్రశ్నకు కురుమయ్య దగ్గర జవాబు ఉంది గాని అది చెప్పుకోదగ్గది కాదు.

“అరగంట ఆగు. కాళ్లు మొక్కుత.”

“పెద్దోనివి, కాళ్లేంది! కలిపిన మందు ఏం చేయాలె, తాగాల్నా?” శ్రీశైలం డ్రమ్ము వైపు, పువ్వుల వైపు, అప్పుడే వచ్చి నిలబడ్డ ఈరన్న వైపు చూశాడు. “సరే. ఆ తుమ్మచెట్టు దిక్కు నుంచి షురూ చేపిస్త. గాలి గూడ గట్లనే పోతుంది. అరగంటల ఈడికొస్తం. అంతకన్న నాతోని కాదు మామా.”

పీలికలు తడిపే నీళ్లు లేవు, గోనెలు లేవు. కురుమయ్య మంచుకు తడిసిన గడ్డి పీకి, ఎండ పడని కొస నుంచి తలుపులు కుక్కడం మొదలుపెట్టాడు. మూడు పెట్టెలు మూశాక వెనక అడుగుల చప్పుడైంది. అంజమ్మ. నెత్తిన నీళ్ల బిందె, చంకన గోనెలు.

“నీకెవరు చెప్పిన్రే?”

“ఎడ్లు చెప్పినయి. సగం కడిగిన ఎడ్లు రెండే ఇంటికొస్తే ఏమనుకోవాలె?” ఆమె గోనెలు చింపుతూనే అంది. తీర్పు సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటేనే కురుమయ్యకు కొంచెం సుఖంగా ఉండేది.

ఎనిమిది పెట్టెలు సులువుగా మూసుకున్నాయి. మిగిలిన నాలుగు ఎండలోవి. తొమ్మిదో పెట్టె నుంచి అప్పటికే ఈగలు దారంలా సాగి పొద్దుతిరుగుడు మీదికి పోతున్నాయి. మూస్తే బయటికి పోయినవి బయటే. మూయకపోతే అవి మందు మోసుకుని లోపలికి వస్తాయి, లోపల పిల్లలున్నాయి, రాణి ఉంది. చేను అవతల ఈరన్న పంపు చప్పుడు ఒక్కో సాలు దాటి దగ్గరవుతోంది.

“మూయి,” అంది అంజమ్మ.

“సగం బయటనే ఉన్నయే.”

“సగమన్న ఉండనియ్యి. మూయి!”

తొమ్మిది మూశాడు, పది మూశాడు. పదకొండో పెట్టె తలుపు మీద చెయ్యి పెట్టేసరికి తేనెతో తిరిగి వచ్చిన ఈగలు అతని వేళ్ల మీద వాలాయి. కుట్టలేదు. ఎక్కడ సందుందో వెతుక్కుంటూ వేళ్ల మధ్య దూరాయి. వాటిని విదిలించి పీలిక కుక్కాడు. పన్నెండోది మూసేటప్పుడు వేళ్ల వైపు చూడలేదు.

ఇల్లు మూసుకుపోయిన ఈగలు కాసేపు తలుపుల మీద గుత్తులు కట్టి, తర్వాత నీళ్ల కోసం దిగాయి. దగ్గరలో నేల తడిగా ఉన్నది డ్రమ్ము చుట్టూతే. మందు డబ్బా మీది ఎర్ర గుర్తు మనుషుల కోసం వేసింది, వాళ్లే చదవరు. వాలినవి లేవలేదు. నాలుకలు బయటికి చాపి, ఒక్కచోటే గిరగిర తిరిగి, వెల్లకిలా పడ్డాయి. రెండో పంపు నింపడానికి వచ్చిన శ్రీశైలం అది చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి డ్రమ్ము మూతికి కట్టి, కింది తడి మీద పొడిమట్టి కాలితో నెట్టాడు. మందు కొట్టడం మాత్రం ఆపలేదు. పురుగు కూడా ఆగలేదు కదా.

ఆ పగలంతా ఆలుమగలు గోనెలు తడుపుతూనే ఉన్నారు. మధ్యాహ్నానికి పెట్టెల్లో రొద మరిగే ఎసరులా పెరిగింది. ఎక్కువసేపు మూసి ఉంచితే లోపలి వేడికే చస్తాయి. రేపు తెరిస్తే పువ్వుల మీది మందుకు చస్తాయి. పొద్దు గుంకి చల్లబడగానే కనీసం రెండు కోసులు, అంటే నాలుగు మైళ్లు, దూరం తీసుకుపోవాలి. దగ్గరలో పెడితే పాత దారి పట్టి ఈ చేనుకే వస్తాయి. గుట్ట మొదట్లో నీలగిరి చెట్లు పూత మీద ఉన్నాయి, అక్కడ సేద్యం లేదు. బండి ఉంది. ఎడ్లున్నాయి. అమావాస్య కూడా ఇంకా ఉంది.

“కట్టు మామా,” అన్నాడు శ్రీశైలం. పంపులు కడిగి, ఎవరూ పిలవకుండానే వచ్చి నిలబడ్డాడు. “పొద్దు గుంకుతుంది. ఎవరు చూస్తరు?”

“ఎడ్లు చూస్తయి,” అన్నాడు కురుమయ్య.

కాడికి ఒక పక్క అతను, ఇంకో పక్క శ్రీశైలం భుజాలు పెట్టారు. వెనక ఈరన్న, అంజమ్మ తోశారు. కుదుపు తగిలితే లోపల తేనె అరలు విరిగి రాణి నలుగుతుంది. అందుకని నలుగురూ పెండ్లికూతురి పల్లకీ మోస్తున్నంత మర్యాదగా నడిచారు. వాగు దిగుడు దగ్గర బండి ముందుకు ఉరికింది. శ్రీశైలం మోకాళ్ల మీద పడి కాడిని ఛాతీతో ఆపాడు. చర్మం లేచింది. “పెట్టెలు?” అన్నాడు ముందు. కురుమయ్య బండి పక్కకు చెవి ఆనించి, “మోగుతున్నయి,” అన్నాడు. మళ్లీ లేచి లాగారు.

మర్నాడు ఎండ పడ్డాక గుట్ట మొదట్లో తలుపులు తెరిచాడు. ఎనిమిది పెట్టెల నుంచి ఈగలు బయటికి వచ్చి, కొత్త చోటు గుర్తు పెట్టుకోవడానికి తమ పెట్టెల వైపే ముఖం పెట్టి గాలిలో ఊగాయి. తొమ్మిది, పది నీరసంగా కదిలాయి. పన్నెండోదాన్ని తట్టాడు. జవాబు లేదు. మూత తీస్తే అడుగున కుప్పగా ఉన్నాయి. పదకొండోదాంట్లో పిడికెడు ఈగలు, వాటి మధ్య రాణి. ఒక్క గుడ్డు లేదు.

ఐదో రోజు శ్రీశైలం గుట్ట దగ్గరికి వచ్చాడు. ఛాతీ మీద పసుపు పట్టు ఉంది.

“మామా, పురుగు పోయింది. పువ్వు మీద ఇంకేం వాలుతలేదు గూడ. పెట్టెలు తెస్తవా?”

“తేను.”

“మల్ల గింజ?”

“ఇప్పుడు తెస్తే మిగిలినయి గూడ నీ చేన్లనే రాలుతయి. మెత్తటి గుడ్డ చేతికి చుట్టుకో. పొద్దున తొమ్మిది దాటినంక ఒక్కొక్క పువ్వు మొఖం రుద్దు. దినం విడిచి దినం. ఈగ చేసే పని అదే.”

“మూడెకరాలు, చేతితోనా?”

“అవి ఒక్కనాడు గూడ గట్ల అడగలే అల్లుడా.”

శ్రీశైలం నవ్వబోయి మానుకున్నాడు. పాత చీర ముక్క ఏమన్నా ఉందా అని అంజమ్మను అడిగి, తీసుకుని, ఎండ ఎక్కకముందే చేను దారి పట్టాడు.

కురుమయ్య మూడో పెట్టె తెరిచాడు. అన్నిటిలోకీ బలమైనది అదే. దాంట్లోంచి పిల్లలున్న మైనపు అరల చట్రం ఒకటి పైకి తీసి, మీదున్న ఈగలను మెల్లగా దులిపి, పదకొండో పెట్టె దగ్గరికి నడిచాడు. ఇచ్చిన పెట్టె రేపు బలహీనపడొచ్చు. పుచ్చుకున్న పెట్టె పరాయి పిల్లలను సాకకపోవచ్చు. చట్రాన్ని రాణి పక్కన దించి, మూత పూర్తిగా పెట్టకుండా వేలెడు సందు ఉంచి, మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“ఏమంటున్నయి?” అంది అంజమ్మ వెనకనుంచి.

“ఉండు.”

పిడికెడు ఈగల్లో ఒకటి చట్రం మీదికి ఎక్కింది. ఒక అరలోని పిల్ల దగ్గరికి తల దూర్చింది. చాలాసేపు తీయలేదు. దాని వెనక ఇంకొకటి ఎక్కింది.