శేషాచారి గారు అడగని మాట

శేషాచారి గారు మెట్లు పరుగెత్తుకుంటూ ఎక్కి పై గదికి చేరారన్నది శుద్ధ అబద్ధం. మొన్న ఆయన సంతాపసభలో ఒకరి తరవాత ఒకరు లేచి అదే చెప్పారు. కాలేజీలో పరుగుపందేల వీరుడట. ఆ పరుగే ఆయన్ని ప్రయోగశాల నుంచి మేనేజరు కుర్చీకి, అక్కణ్ణుంచి డైరెక్టరు కుర్చీకి తీసుకుపోయిందట. చప్పట్లు కూడా కొట్టారు. నేను కొట్టలేదు. ఆయన ఆ మెట్లు మొదటిసారి ఎక్కిన రోజు కింద నిలబడి చూసినదాన్ని. కమ్మీ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ, పరీక్ష తప్పిన పిల్లవాడు ఇంటికి పోతున్నట్టు ఎక్కారు. లేచి ఆ మాటే చెప్పబోయాను. పక్కనున్నావిడ నా కొంగు పట్టి లాగి, "సచ్చిపోయిన మనిషి సభల గూడ కొట్లాటేనా విమలా" అంది. కూర్చున్నాను. అక్కడ మింగిన మాట ఇక్కడ రాస్తున్నాను.

తిరిగొస్తూ మలక్‌పేటలో చెరకురసం బండి దగ్గర ఆగాను. బండివాడు తడి గోనెసంచి విప్పి, రంపపు పొట్టు దులిపి, బరఫ్ గడ్డను సుత్తితో కొట్టాడు. గోనె, పొట్టు, చల్లదనం కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. శేషాచారి గారి దగ్గర నేను పనిచేసిన ప్రయోగశాల పొద్దున పూట సరిగ్గా ఈ వాసనే వేసేది. సభలో అన్ని పూలదండల మధ్య కనపడని మనిషి ఆ బండి పక్కన కనపడ్డారు.

మాది కార్వాన్. మా బాపుది నూనె దుకాణం. గుడి దీపాలకు నూనె మా దగ్గరి నుంచే పోయేది. ఆ గుడి అర్చకుల ఇల్లు మా వీధిలోనే. శేషాచారి గారు ఆ ఇంటి పెద్దకొడుకు. ఆ గుడికి ఒక ఆచారం ఉంది. ఉత్సవాల చివరి రోజు తెల్లవారుతుండగా స్వామికి మూసీలో స్నానం చేయించి, పురానాపూల్ దగ్గరి నుంచి గుడి దాకా పల్లకీని పరుగున తెస్తారు. స్వామి ముందు నిండుగా తీర్థం పోసిన గిన్నె ఉంటుంది. గుడి చేరేసరికి చుక్క ఒలకకూడదు. పల్లకీకి ముందు భుజం పెట్టే హక్కు అర్చకుల ఇంటి పెద్దకొడుకుది. కాబట్టి ఆయన పరుగు నేర్చింది కాలేజీలో కాదు, ఆ పల్లకీ కింద. నిక్కరు తొడుక్కుని మైదానంలో పరుగెత్తుతున్నాడని బంధువులు లొల్లి చేస్తే తండ్రి పెద్దాచారి గారు, "పల్లకి మోసే ఇంట్ల పుట్టిండు, ఉరుకకుంటె ఏం జేస్తడు" అని తేల్చేశారని మా బాపు నవ్వుతూ చెప్పేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి. ఆయన కొడుకే దీన్ని మరిచిపోయాడు.

బజారులో పాత హాలీ సిక్కా రూపాయలు ఇంకా చెల్లుతున్న రోజులు. బి.యస్సీ. పాసై ఇంట్లో కూర్చుని అందరితో వాదనలు వేసుకుంటున్న నన్ను ఆయన తన ప్రయోగశాలకు పిలిచారు. అది మందుల కార్ఖానా. రక్తం తక్కువైన బాలింతలకు ఇచ్చే సూదిమందు అక్కడ తయారయ్యేది. దాన్ని తీసేది మేకల కార్జం నుంచి, అంటే కాలేయం నుంచి. ఉల్లిపాయ కూడా వారం చూసి తినే ఇల్లు మాది. "బాపూ, కార్జం ముట్టుకునే పని. పోవాల్నా, వద్దా?" అని సూటిగా అడిగాను. బాపు దుకాణానికి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున, "పెరట్లకెల్లి రా. తానం జేసినంకనే లోపటికి రా" అన్నాడు. అంతే. అడిగితే ఇల్లు కూలిపోలేదు.

మొదటి రోజు శేషాచారి గారు పెద్ద గాజు జాడీ నా చేతికిచ్చి అవతలి గదిలో పెట్టమన్నారు. ఊపిరి బిగబట్టి పిల్లిలా నడిచాను. అయినా ఒలికింది.

"ఏంది విమలా, జాడీని చూస్కుంట నడుస్తున్నవ్? జాడీని చూస్తె ఒలుకుతది. పోయే జాగ చూడు. నడుము కింద నువ్వు కదులు, నడుము మీద ఎవ్వరు కదలొద్దు."

"గిది ఏ పుస్తకంల ఉన్నది సార్?"

"మా గుడిల ఉన్నది."

కాలేజీలో గెలిచిన వెండికప్పును ఆయన బల్ల మీద పెట్టుకుని, అందులో కలియబెట్టే గాజుకడ్డీలు వేసుకునేవారు. అంతకు మించి దానికి మర్యాద చేయడం నేను చూడలేదు. నోటిదురుసు పిల్లనని వీధివీధంతా నన్ను తిడుతున్నప్పుడు దానికీ ఒక ఉపయోగం ఉందని చెప్పిన మొదటి మనిషి ఆయన. ఒకసారి ఆయన లెక్కలో తప్పు కనపడి నసుగుతూ చెప్పాను. "మెల్లగ చెప్తవేంది? తప్పయితె గట్టిగ చెప్పు. సూది తీస్కునే బాలింతకు నీ మర్యాద ఏం పనికొస్తది?" అన్నారు. ఆ తరవాత మేమిద్దరం కొట్లాడుకుంటుంటే కార్ఖానా వాళ్ళు కిటికీ దగ్గర నిలబడి వినేవారు.

ఆ బాలింతలే ఆయనకు నిద్ర లేకుండా చేశారు. మా మందులో అప్పుడప్పుడు ఒక విడత తేడా చేసేది. సూది పొడిచిన కాసేపటికే పిల్లతల్లి వణికిపోయేది, చలిజ్వరం వచ్చేది. ఎందుకో ఎవరికీ తెలియదు. కార్జం కబేళా నుంచి కార్ఖానాకు చేరేలోపల ఎండ తగిలి చెడుతోందని ఆయన అనుమానం. అనుమానం తీర్చుకోవడానికి తానే పొద్దున్నే సైకిలు మీద కబేళాకు పోయి, పెట్టెలో బరఫ్ నింపి, గోనె చుట్టి, పందెంలో లాగా తొక్కుకుంటూ తెచ్చేవారు. ఒక రోజు నేనూ వెళ్ళాను. కసాయి ఖాసిం భాయ్ బాధపడుతూ, "ఆచారి సాబ్, దేవుని ఇంటోళ్ళు మీరు. గీడికెందుకొస్తరు? నేను పంపిస్త గద" అన్నాడు.

"నువ్వు పంపిస్తె తెచ్చేటోడు తొవ్వల చాయ్‌కి ఆగుతడు భాయ్. ఎండ చాయ్‌కి ఆగదు."

ఖాసిం భాయ్ నవ్వి, పెట్టె మీద ఇంకో గడ్డ ఊరికే వేశాడు. ఆయన తెచ్చిన కార్జంతో చేసిన మందు ఆ కొన్నాళ్ళూ ఎవరినీ వణికించలేదు. కానీ కొన్నాళ్ళు చాలవు, ఒక ఎండాకాలం పూర్తిగా చూడాలి అనేవారు.

ఆ ఎండాకాలం చూడనే లేదు. అర్చకుల ఇంటి కొడుకు కబేళా నుంచి పెట్టె మోసుకొస్తుండగా సొంత చిన్నాయనే చూశాడు. కార్జం ముట్టినవాడు స్వామిని మోయకూడదని వీధి అంతా లొల్లి. ఆ ఏడు పల్లకీకి ముందు భుజం చిన్నాయన కొడుకు పెట్టాడు. తీర్థం సగం దారిలోనే ఒలికింది. శేషాచారి గారు ఎక్కడో జనంలో నిలబడి చూశారట. ఆయనకు మేనేజరు పని ఇస్తామని కార్ఖానా వాళ్ళు అంతకుముందే అంటే వద్దన్నారు. ఇప్పుడు తానే వెళ్ళి సరేనన్నారు.

"పై గదిల కలం తప్ప ఏం ముట్టేది లేదు. చేతులు శుభ్రముంటయ్" అన్నారు నాతో, గాజుకడ్డీలు కప్పులోంచి తీస్తూ.

"మరి వణికేటోళ్ళు?"

"నువ్వున్నవ్ గద."

"మీ బాపు వద్దన్నడా సార్? అడిగిన్రా?"

"బాపును గిసొంటియి అడుగుతరా విమలా?"

కప్పు తీసుకుని మెట్లెక్కారు. ఆ మెట్లే, సభలో చప్పట్లు పడ్డవి.

మరుసటి ఏడు పురానాపూల్ దగ్గర నిలబడి చూశాను. ముందు భుజం ఆయనదే. నడుము కింద పరుగు, నడుము పైన నిశ్చలం. చుక్క ఒలకలేదు. ఆ ముఖంలో సంతోషం లేదని చెబితే నేనూ సభలో వాళ్ళలాగే అబద్ధమాడినట్టు. ఇరవయ్యేళ్ళ కుర్రాడిలా వెలిగిపోయారు. అది చూసి, పోనీలే, ఆయనకు దక్కవలసింది దక్కింది అనుకున్నాను.

అలా అనుకోవడం వారం కూడా నిలవలేదు. నూనె డబ్బా ఇవ్వడానికి వెళితే పెద్దాచారి గారు అరుగు మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. నాకు నోరు ఆగదు కదా. "పల్లకి కోసం కొడుకు పని మాన్పిస్తిరి తాతా. ఆడ ఇంకా బాలింతలు వణుకుతున్నరు" అనేశాను.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని రెండోసారి చెప్పించుకున్నారు.

"నేను మాన్పించిన్నా? ఎవడు చెప్పిండు నీకు? వాడు ఒక్కనాడు నన్నడిగిండా? స్వామి ముంగట వాయించే మద్దెలకు కట్టింది తోలు కాదా? అది ఎవని చేతుల మీదకెల్లి వచ్చింది? నాకు తెల్వదా గది? అడిగితె, తానం జేసి రారా అంటుంటి. గంతే అంటుంటి."

"మీరన్న చెప్పకపోతిరి."

"అడగనోనికి ఏం చెప్పాలె బిడ్డా. పెద్ద చదువు చదివిండు, వానికే తెలుస్తదనుకున్న."

డబ్బా అక్కడే పెట్టి నేరుగా కార్ఖానాకు పోయి మెట్లెక్కాను. పై గదిలో అద్దాల బీరువాలో వెండికప్పు తళతళలాడుతోంది, ఖాళీగా. "సార్, పెద్దాయన వద్దనలేదట. తానం జేసి రమ్మందురట. కిందికి రాండ్రి" అన్నాను. ఆయన ముందున్న కాగితం మీదికి వంగారు. సంతకం చేయలేదు, చదవనూ లేదు. తలెత్తకుండానే అడిగారు.

"బరఫ్ టైముకొస్తున్నదా?"

"వస్తలేదు. చాయ్‌కి ఆగుతున్నడు."

"చెప్పి పంపిస్త."

ఖాసిం భాయ్ పంపిస్తానంటే ఒప్పుకోని మనిషే పంపిస్తానన్నాక మెట్లు దిగి వచ్చేశాను. తరవాత కంపెనీ బొంబాయి నుంచి వేరే పద్ధతి కొనితెచ్చింది. ఇంకొన్నేళ్ళకు ఆ మందే పోయి కొత్త మందు వచ్చింది. బాలింతలు వణికింది ఎండ వల్లనో, నీళ్ళ వల్లనో, ఇంకేదో కారణం వల్లనో ఎవరూ తేల్చలేదు. నేను చేతనైనంత చేశాను. ఆయన పక్కన నిలబడి కొట్లాడనిదే నా బుర్ర సగమే పనిచేసేది. ఆయన మంచి మేనేజరే. ఎవరి జీతం ఆపలేదు, ఎవరి మీదా అరవలేదు. నాతో మాత్రం మళ్ళీ కొట్లాడలేదు. నమస్కారానికి నమస్కారం.

ఇప్పటికీ నిండు బిందె ఎత్తితే నా కళ్ళు పోయే జాగ మీదే ఉంటాయి. మా కోడలు నవ్వుతుంది. ఇంట్లో, ఆఫీసులో, సభల్లో అడగకూడనివన్నీ అడుగుతానని నాకు పేరు. ఆ పేరు నేను కావాలని మోస్తున్నాను. చుక్క ఒలకనివ్వను.

కానీ అందరినీ అన్నీ అడిగిన నేను, ఆ గదిలో ఆ కాగితం మీదికి వంగిన తలను చూసి, ఒక్కటి అడగలేక దిగి వచ్చాను. ఇప్పుడు జవాబు చెప్పే మనిషి లేరు. అయినా అడుగుతాను. సార్, మీ బాపు వద్దంటారని భయపడి అడగలేదా, సరే, తానం చేసి రమ్మంటే మెట్లెక్కడానికి సాకు మిగలదని భయపడి అడగలేదా?