నాబ్ మీద రంగు చుక్క

రేడియోలు బాగుచేసే అతనికి పని నేర్పినవాళ్లు లేరు. పాడైన సెట్లే గురువులు. ఒకసారి చచ్చిన మ్యూజిక్ కీబోర్డు విప్పితే ఒక సంగతి తెలిసింది. లోపల ఒక ముక్క ఉత్త మోత పుట్టిస్తుంది. పక్క ముక్క ఆ మోతని జల్లెడ పట్టి స్వరం చేస్తుంది.

అక్క గొంతులో గడ్డ లేచి, డాక్టర్లు స్వరపేటిక తీసేశాక అతనికి ఆ కీబోర్డే గుర్తొచ్చింది. మోత పుట్టించేది పోయింది గానీ జల్లెడ, అంటే నాలుకా పెదాలూ, అలాగే ఉన్నాయి. బయటినుంచి మోత అందిస్తే చాలు.

"నా పెళ్లాం నీకు రేడియోలా కనబడుతోందా?" అన్నాడు బావ.

"రేడియో అయితే నీ ఇంట్లో ఇన్నేళ్లు మోగేదా, బావా?"

పలక మీద ఏదో రాస్తున్న అక్క నోరారా నవ్వింది. చప్పుడు రాలేదు. ఇద్దరూ తలలు దించుకున్నారు. ఆమె పలక ఇటు తిప్పింది. 'నా గొంతే కావాలి. లేదంటే ఈ పలకే నయం.'

రెండు ట్రాన్సిస్టర్లు, ఒక కెపాసిటర్, సీసా మూతలో బిగించిన చిన్న స్పీకరు. మొదట చేసినదాని మోత చర్మం దాటి లోపలికి పోలేదు. రెండోది గడ్డం కింద ఆనించి పెదాలు కదిపితే, డబ్బాలో తుమ్మెదలా 'నీళ్లు' అని వినబడింది.

ఇక మిగిలింది మోతని ఏ శ్రుతిలో నిలపాలన్నదే. దానికొక నాబ్ పెట్టాడు. బావ తిప్పి, "ఇదిగో, ఇదే" అన్నాడు.

"అంత సన్నం కాదు. అక్క నన్ను కేకేస్తే ఇలా ఉండేది" అని అతను కిందికి తిప్పాడు.

"నీకు కేకలే తెలుసు. నాతో మాట్లాడింది నువ్వెప్పుడు విన్నావ్?"

సరిచూసుకుందామంటే ఆమె గొంతు ఎక్కడా రికార్డు చేసి లేదు. రోజూ వినేదాన్ని ఎవరు దాచుకుంటారు?

అక్క దాన్ని లాక్కుంది. కళ్లు మూసుకుని ఇద్దరూ ఆపిన చోట్లు దాటించి, బాగా కిందికి తిప్పింది. "ఇదే" అంది. ఎవరో బరువు గొంతు మనిషి అన్నట్టుంది.

బావ అతన్ని వసారాలోకి తీసుకెళ్లాడు. "అది కాదురా. తనకి చెప్పు."

అతను చెవులు మూసుకుని మెల్లగా 'అక్కా' అని చూశాడు. లోపల, ఎముకల్లో, తన గొంతు కూడా అంత బరువుగానే మోగింది.

"తను విన్నది అదే, బావా. మనం విన్నది తనెప్పుడూ వినలేదు."

"మరి మనకి?"

దానికి అతని దగ్గర పరికరం లేదు. కదలకుండా ఉండాల్సిన చోట మెకానిక్కులు వేసే గోళ్లరంగు చుక్క ఒకటి నాబ్ మొదట్లో వేసి, ఆరేదాకా ఊదాడు.

సాయంత్రం ఇద్దరూ వసారాలోనే కూర్చున్నారు. లోపలినుంచి, "తమ్ముడూ, తిన్నావా?" అని వినబడింది.

బావ చొక్కా సర్దుకుని, ఎవరొచ్చారోనని లేచి నిలబడ్డాడు.