పురుగుల వాటా

మొన్న సాయంత్రం సూరత్‌లో, అడాజన్‌లోని మా బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, పంటల మీద పరిశోధన చేస్తున్న మా మనవరాలు వచ్చి ఫోనులో ఒక ఫోటో చూపించింది. నిలువునా కోసిన పత్తికాయ, లోపల తెల్లటి దూది, ఎక్కడా పురుగు జాడ లేదు. జన్యువు మార్చి వాళ్లు తయారుచేసిన మొక్కదట. పరీక్షలు పూర్తయ్యేదాకా గింజ కూడా వాళ్ల పరిశోధన కేంద్రం గేటు దాటకూడదట. నా మనసు మాత్రం ఏ గేటూ చూసుకోకుండా కరీంనగర్ పక్కన మా చేనుకు పోయింది.

పత్తి పండించే ఇళ్లలో పుట్టినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో పురుగుమందు వాసన అన్నంలోకి కూడా వచ్చేది. ఎంత కొట్టినా, కాయ విప్పితే పురుగు కులాసాగా పడుకుని ఉండేది. అప్పటికే నేను పెళ్లయి సూరత్ వచ్చి చాలా ఏళ్లయింది. ఖటోదరా మిల్లులో మగ్గాల మోతకు మా ఆయన చెవులు మందగించి, నేను అరిచి మాట్లాడుతుంటే పక్కింటి గుజరాతీ ఆవిడ రోజూ పోట్లాటే అనుకునేది. ఇంకో పంట పోతే తమ్ముడిని కూడా మగ్గానికే పంపుతానని బాపు కబురు చేస్తే ఏడుపొచ్చింది. వాడు పాటలు బాగా పాడేవాడు.

ఆ ఏడే పురుగును తట్టుకునే కొత్త విత్తనం వచ్చింది. విత్తే వేళకు నేను పుట్టింట్లోనే ఉన్నాను. దానితోపాటు మామూలు పత్తి గింజల చిన్న పొట్లం ఒకటి ఇచ్చి, చేను చుట్టూ పురుగుల కోసం వేయమన్నారు.

“పురుగులకు గూడ మనమే బువ్వ పెట్టాల్నా? గిదేం ఇత్తనం?” అని బాపు దాన్ని పెంట మీదకు విసిరేశాడు. ఊరంతా చేసింది అదే. మా అమ్మకు మాత్రం విత్తనం పారేయడమంటే అన్నం తొక్కడమే. ఏరుకొచ్చి, బాపుతో ఒక్క మాటైనా అనకుండా గట్టు వెంట విత్తేసింది. ఆ మొక్కల మీద పురుగులు పండగ చేసుకున్నాయి, చేను లోపలి కాయలు నిండుగా పగిలాయి. తమ్ముడు సూరత్ రాలేదు.

కానీ అమ్మ ఒక్కతే వేస్తే ఊరికి సరిపోతుందా? కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు ఆ విత్తనానికీ అలవాటుపడి మళ్లీ కాయల్లో దూరింది. నిరుడు తమ్ముడు ఇక పత్తి మానేస్తానన్నాడు. అందుకే ఆ ఫోటో చూసి వెంటనే వాడికి ఫోను చేయించాను.

“గట్టు మీది మామూలు పత్తి తినే పురుగులకు మన విత్తనం అలవాటు కాదు తాతా. లోపల బతికినవి వాటితోని కలిస్తే, పుట్టే పిల్లలు లోపలి కాయ తిని మల్ల చస్తయ్. కొత్తది రానీకి టైమ్ పడ్తది, జర ఆగు,” అని చెప్పింది మనవరాలు.

“ఆగుత బిడ్డా. గట్టుకు మాత్రం అమ్మ లెక్కనే ఏస్త,” అన్నాడు తమ్ముడు.

ఇప్పుడు రెండు రకాల గింజలూ ఒకే పొట్లంలో కలిపి ఇస్తున్నారట, పారేద్దామన్నా వీలుండదట. మంచిదే. కానీ తాను చేసింది ఎందుకు సరైనదో తెలియకుండానే అమ్మ వెళ్లిపోయింది. ఉంటే ఈ ఫోటో ముందు ఆమెకే చూపించేదాన్ని.