అమాకా రక్తంలో దాగిన చక్కెర

మలేషియాలో ఇక మాస్కులు తీసేయొచ్చని ప్రకటించిన ఏడాది అది. కౌలాలంపూర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, మధుమేహ విభాగంలో నేను నర్స్ ఎడ్యుకేటర్‌ని. ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో, ఏం తినాలో రోగులకు నేర్పడం, వినకపోతే కసురుకోవడం నా పని. మా పక్క గుమ్మమే ప్రసూతి విభాగం.

అమాకా అన్నది నేను మార్చిపెట్టిన పేరు. నైజీరియా నుంచి భర్తతో వచ్చి ఇక్కడొక బడిలో ఇంగ్లీషు చెప్పేది. నాకు చెల్లెలి వయసు ఉంటుంది. ఎప్పుడొచ్చినా ప్రసూతి గుమ్మానికి వీపు పెట్టి కూర్చునేది. రెండుసార్లు నెల తప్పింది, రెండుసార్లూ మూడో నెల నిండకుండానే పోయింది. ఇంకోసారి ప్రయత్నించే ముందు షుగరు సంగతి తేల్చుకోమని ప్రసూతి డాక్టరు మా దగ్గరికి పంపారు. ఈమధ్య దాహం ఎక్కువైందని, ఎంత తిన్నా నీరసమేనని ఆమె చెప్పింది. చేతిలోని రిపోర్టు మాత్రం షుగరు లేదంటోంది.

"నార్మల్ లా, సిస్టర్," అంది నవ్వుతూ. ఇక్కడ అందరి మాటల చివరా ఉండే ఆ 'లా' ఆమెకూ అంటుకుంది. "నాకు అన్నీ ఎప్పుడూ నార్మలే. పిల్లలే నిలవరు."

నేను రిపోర్టు అందుకుని చూశాను.

ఆ రిపోర్టు హెచ్‌బీఏ1సీ పరీక్షది. రక్తంలోని ఎర్రకణాలకు ఎంత చక్కెర అంటుకుందో చూసి, గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది. మా విభాగంలో దాని మాట వేదవాక్కు. అది బాగుందంటే రోగి నెత్తీ నోరూ కొట్టుకున్నా ఎవరూ వినరు.

అయినా అలవాటు కొద్దీ ఆమె వేలు గుచ్చి గ్లూకోమీటర్‌లో చూశాను. అంకె బాగా ఎక్కువగా వచ్చింది. ఆమె బయట కూర్చుని లిచీల్లాంటి రంబుటాన్ పళ్లు ఒలుచుకు తినడం నేను చూశాను. వేలికి పండు రసం ఉంటే మీటర్ దాన్నీ చక్కెర కిందే జమకడుతుంది. సబ్బుతో కడుక్కు రమ్మని పంపాను. తిరిగొచ్చాక చూస్తే అప్పుడూ ఎక్కువే.

మా సీనియర్ నర్సు సత్యవతక్క తొంగి చూసింది. ఆమెదీ నాలాగే, తాతల కాలంలో తెలుగునేల నుంచి ఇక్కడి తెలుక్ ఇంటాన్ దగ్గర కొబ్బరి తోటల్లోకి కూలికొచ్చిన కుటుంబం.

"ఏటే, మిషను సెడిపోనాదా?"

"లేదక్కా. నా ఏలు గుచ్చుకుని సూసినాను. బాగానే ఉంది."

"మరి డాక్టరుకి సెప్పు. ఆ పిల్ల మొకం సూసినావా, ఎలా ఎండిపోనాదో!"

డాక్టరు పరగడుపున ఒకసారి, గ్లూకోజు నీళ్లు తాగించాక మరోసారి రక్తం తీయించారు. షుగరు ఉంది, చాలాకాలంగా ఉన్నట్టుంది. ఆయన వెంటనే జీ6పీడీ అనే ఎంజైమ్ పరీక్ష రాశారు. నేను తెల్లబోయాను. అది ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ బొడ్డుతాడు రక్తంతో చేసే పరీక్ష. ఆ ఎంజైమ్ తక్కువుంటే కలరా ఉండల ఘాటు బిడ్డకు పడదు, బట్టల్లో వేయొద్దని తల్లికి చెప్పి పంపుతాం. పెద్దవాళ్ల షుగరుతో దానికేం పని?

"ఆ ఎంజైమ్ తక్కువైతే ఎర్రకణాలు తొందరగా చచ్చిపోతాయి," అన్నారు డాక్టరు. "చక్కెర అంటుకునే వ్యవధే ఉండదు. అందుకే హెచ్‌బీఏ1సీ తక్కువ చూపిస్తుంది."

షుగరు, గుండెజబ్బుల మీద జన్యు పరిశోధనలు చాలాకాలం ఎక్కువగా యూరప్ మూలాల వాళ్ల రక్తంతోనే జరిగాయట. ఆఫ్రికా మూలాల వాళ్ల జన్యువులనూ కలిపి చదివాకే, వాళ్లలో చాలామందికి ఉండే, ఈ ఎంజైమ్‌ను తగ్గించే ఒక జన్యుమార్పు ఈ పరీక్షను ఏమారుస్తోందని బయటపడింది. అమాకాకు అది అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా వచ్చిందని పరీక్షల్లో తేలింది.

నేను విడమరిచి చెబుతుంటే ఆమె కదలకుండా వింది. చివర్లో అడిగింది: "ముందే తెలిసుంటే ఆ ఇద్దరూ ఉండేవాళ్లా?"

అబద్ధం చెప్పి ఓదార్చాలనిపించింది. చెప్పలేకపోయాను. "షుగరు అదుపులో లేకపోతే గర్భం పోయే ప్రమాదం ఎక్కువ. నీ విషయంలో అదే కారణమని మాత్రం ఎవరూ చెప్పలేరు, అమాకా."

ఇన్సులిన్ మొదలుపెట్టింది. రోజూ వేలు గుచ్చుకుని ఆ అంకెలు నా ఫోనుకు పంపేది. ఒకరోజు అంకెల కింద, "కల్లో ఇద్దరూ వచ్చారు, సిస్టర్. ముఖాలు కనపడలేదు," అని రాసింది. భోజనం చేశావా అని అడిగాను. నా ఫోను మోగితే చాలు సత్యవతక్క దగ్గరికొచ్చేది.

"నీళ్లోసుకున్నాదేటే?"

"ఇంకా లేదక్కా."

అంకెలు దారికొచ్చాయి. నెలలు మాత్రం ఉత్తినే గడిచేవి. చివరికి ఒక ఉదయం నేను డ్యూటీకి వచ్చేసరికి అమాకా బయట కూర్చునుంది, ప్రసూతి గుమ్మం వైపు తిరిగి. చేతులు కడుక్కు రమ్మన్నాను.

నెలలు నిండి మగపిల్లాడు పుట్టాడు. ఇక్కడి పద్ధతి ప్రకారం బొడ్డు రక్తం పరీక్షకు వెళ్లింది. తల్లికున్నదే బిడ్డకూ ఉందని తేలింది. ఆమెకు ముప్పై దాటాక తెలిసిన సంగతి వాడికి ఊయలలోనే తెలిసింది.

ఆ కేసు తర్వాత నేను నార్మల్ అన్న మాటకు తొందరపడి సంతోషించడం మానేశాను. ఆ కొలతను ఎవరెవరి రక్తం చూసి నిర్ణయించారు, నా ఎదురుగా ఉన్న మనిషిలాంటి వాళ్లు అందులో ఉన్నారా అని అడుగుతున్నాను. మా తోటల కుటుంబాల గురించి కూడా అదే అడుగుతున్నాను. జవాబు అన్నిసార్లూ దొరకదు.

చూడటానికి వార్డుకు వెళ్లినప్పుడు అమాకా పిల్లాణ్ని నా చేతుల్లో పెట్టింది. సత్యవతక్క వాడి పాదాలు పట్టుకుని మురిసిపోతోంది. అమాకా వాడి ముక్కు మీద వేలితో నిమిరింది.

"మా నాన్న ముక్కు, సిస్టర్," అంది. వాణ్ని మళ్లీ ఒళ్లోకి తీసుకుంటూ, "ఆ ఇద్దరికీ ఈ ముక్కే వచ్చుండేదేమో," అంది.