వేపమండ దాటిన గొంగడి

గద్వాల నుంచి బీచుపల్లి వైపు వచ్చే దారిలో, కృష్ణకు కొంచెం ఎడంగా ఉన్న ఊళ్లో నేను పశువైద్య సహాయకురాలిగా పనిచేస్తున్నాను. మాది కల్వకుర్తి దగ్గర. ఇక్కడ నాకు ఒక అద్దె గది, గ్యాస్ పొయ్యి, టీకాల పెట్టె, పాత స్కూటీ ఉన్నాయి. మనుషులెవరూ లేరు. ఊరంతా నన్ను డాక్టరమ్మ అంటుంది. నేను డాక్టర్ని కాదని మొదట్లో చెప్పేదాన్ని, తర్వాత మానేశాను. ఆ పిలుపుతో ఒక చిక్కుంది. గొర్రె ముక్కు కారితే తలుపు కొడతారు కానీ ఇంట్లో శుభకార్యమైతే పిలవడం గుర్తుండదు. సాయంత్రం గది తాళం తీసి లోపలికి వెళ్లాక, మర్నాటి దాకా నా గొంతు నాకే వినపడని రోజులు చాలా ఉన్నాయి.

ఒక్క మనిషి మాత్రం నన్ను బిడ్డా అనేది. ఊరి చివర ఇరవై దాకా గొర్రెలతో ఒంటరిగా ఉండే పెద్దమ్మ. భర్త పోయాక మందను అమ్మెయ్యమని అందరూ చెప్పినా వినలేదట. నేను ఎప్పుడు వెళ్లినా గొర్రెల సంగతి తర్వాతే. ముందు "తిన్నవా బిడ్డా?" అని అడిగేది.

నిరుడు వానలకు ముందు వనపర్తిలో మాకు శిక్షణ ఇచ్చారు. ఆస్ట్రేలియాలో గొర్రెలు ఎలా పెంచుతారో వీడియో చూపించారు. అక్కడ ఒకరి మందలోకి ఇంకొకరు ఊరికే పోరు. గేటు దగ్గర బోర్డు, బూట్లు కడిగే తొట్టి, వచ్చినవాళ్ల పేరు రాసుకునే పుస్తకం. విమానం దిగినవాళ్ల బూట్లకు మట్టి అంటుకుందేమోనని కూడా చూస్తారట. నాకు భలే నచ్చింది. తిరిగొచ్చి కనబడిన ప్రతి కాపరికీ అదే చెప్పాను. "ఆ దేశంల గొర్రెలు గూడ బూట్లేసుకుంటయా డాక్టరమ్మా?" అని నవ్వారు. నాకు కోపమొచ్చింది. నాకు కోపం తొందరగానే వస్తుంది.

ఆ వానాకాలంలోనే వాగు అవతల ఒక తాత మందకు అమ్మ పోసింది. గొర్రెల మశూచిని ఇక్కడ అలాగే అంటారు. జ్వరం, మూతి మీదా తోక కిందా బొబ్బలు. చిన్న పిల్లలు తట్టుకోలేవు. నేను వెళ్లేసరికి దొడ్డి వాకిట్లో వేపమండలు కట్టి ఉన్నాయి. అమ్మ పోసిన మందను కాచేవాడు పొక్కులు ఎండి రాలిపోయేదాకా ఊళ్లోకి రాడు. ఇంటివాళ్లు సద్ది తెచ్చి దూరంగా బండ మీద పెట్టి వెళ్లిపోతారు. లోపలి వస్తువేదీ ఆ వేపమండ దాటి బయటికి పోకూడదు, గడ్డిపరకైనా సరే.

"వేపాకుతోని రోగం పోతదా తాతా?" అన్నాను వెటకారంగా.

"రోగం పోనీకె గాదు డాక్టరమ్మా, మనుషులు రాకుంట ఉండనీకె," అన్నాడు.

వనపర్తిలో నేను నోటుబుక్కు నిండా రాసుకున్నది అదే. అప్పుడు ఆ సంగతి తట్టలేదు.

పని ముగించి బయటికొచ్చి, నేర్పినట్టే అన్నీ చేశాను. బూట్లు మందు నీళ్లతో కడిగాను. పైన వేసుకున్న కోటు సంచిలో కట్టేశాను. చేతులు మోచేతుల దాకా రుద్దుకున్నాను. నన్ను చూసి నాకే ముచ్చటేసింది. అంతలో వాన అందుకుంది. చుట్టుపక్కల మందలకు టీకాలు వెయ్యాలి, వరసలో మొదటిది పెద్దమ్మది. దొడ్డి కంప మీద తాత గొంగడి కనబడితే అందుకుని తల మీద కప్పుకున్నాను.

"అది ఈడ్నుంచి పోవద్దు. జర తడిస్తె ఏమైతది?" అన్నాడు తాత.

"రేపు తెచ్చిస్త తాతా. నాకు తెల్వదా?" అన్నాను.

పెద్దమ్మ ఇల్లు చేరేసరికి గొంగడి నీళ్లు కారుతోంది. ఆమె దాన్ని నా మీంచి తీసి, పిండి, గొర్రెపిల్లల కొట్టం దడి మీద ఆరేసింది. వాన తగ్గేదాకా నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి జొన్నరొట్టె, పల్లీల పొడి పెట్టింది. ఎన్నాళ్లకో ఒకరు కాల్చి పెడుతుంటే వేడివేడిగా తిన్నాను. రెండో రొట్టె వద్దంటే కోప్పడింది. ఆ కోపం కూడా బాగుంది. దడి పక్కన పిల్లలు ఆ తడి గొంగడికి ఒళ్లు రాసుకుంటూ ఆడుతుంటే చూసి నవ్వుకున్నాను. వాన వెలిశాక టీకాలు వేసి, గొంగడి చంకన పెట్టుకుని గదికి వచ్చేశాను.

టీకా ఒంటికి పట్టడానికి వారాలు కావాలి. రోగానికి అంత టైం అక్కర్లేదు. పది రోజులు తిరక్కుండానే పెద్దమ్మ గొర్రెపిల్లల మూతుల మీద బొబ్బలు లేచాయి. ఆమె గొర్రెలు ఎవరి మందతోనూ కలవలేదు. చుట్టుపక్కల ఇంకే మందకూ రాలేదు. నాకు ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. రేపిస్తానన్న గొంగడి అప్పటిదాకా నా గదిలోనే ఉంది. పట్టుకెళితే తాత అందుకోలేదు.

"కాలవెట్టు," అన్నాడు. కాల్చేశాను. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చలికాలం రాగానే మిగిలిన మందను తోలుకుని, గొంగడి లేకుండానే, కృష్ణ దాటి మేతకు వెళ్లిపోయాడు.

పెద్దమ్మ గొర్రెపిల్లలన్నీ పోయాయి. పెద్దవాటిలో ఐదు మిగిలాయి. నేను రోజూ వెళ్లి పుండ్లకు మందు రాశాను, సున్నం చల్లాను, దగ్గరుండి పూడ్పించాను. ఆమె తనను తాను తిట్టుకునేది. "పోచమ్మకు బోనం జేస్తనని మొక్కితి బిడ్డా. మోకాళ్ల నొప్పులని ఆగితి. నా మందను నేనే మింగితి." ఊళ్లోవాళ్లూ అదే అన్నారు. ఆ మోకాళ్లతోనే చెప్పుల్లేకుండా నడిచి బోనం తీసింది. ఒక పూట తిండి మానేసింది. నాకు మాత్రం రొట్టె చేసి పెడుతూనే ఉంది.

చెబితే ఆమె మీది బరువు దిగుతుంది. చెబితే ఈ ఊళ్లో నన్ను బిడ్డా అనేవాళ్లు ఉండరు. నెలల తరబడి నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందని కాదు. ఆ రొట్టె పోతుందని. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం అదే.

మొన్న ఒక సాయంత్రం వెళ్లేసరికి ఆమె ఐదు గొర్రెలనూ ముందు పెట్టుకుని కూర్చుంది. "సంతకు తోల్త. నా చెయ్యి మంచిది గాదు. ఇవి గూడ నా పాపానికే పోతయి," అంది.

ఇక ఆగలేకపోయాను. "పోచమ్మ గాదు పెద్దమ్మా. నేను," అన్నాను. వేపమండ దగ్గర్నుంచి గొంగడి కాల్చేదాకా అంతా చెప్పాను. తాత వద్దన్నది కూడా దాచలేదు.

ఆమె లేచి దడి దగ్గరికి వెళ్లింది. గొంగడి ఆరేసిన చోట చెయ్యి పెట్టింది.

"అంటే బోనం ఆలస్యమైనందుకు గాదు."

"కాదు."

"నేను జేసింది గాదు."

"కాదు పెద్దమ్మా."

ఆమె ముఖం తేటపడింది. నాకు సంతోషం వేసింది, నిజంగానే. ఆమె గొర్రెలను ఒక్కొక్కటిగా కొట్టంలోకి తోలి, తలుపు తాడు బిగించి కట్టింది. సంత మాట మళ్లీ ఎత్తలేదు. పొయ్యి మీద పెనం కాగుతోంది. పక్కన ఒక్క రొట్టెకు సరిపడా పిండి ఉంది.

"పొద్దు గూకుతుంది," అంది నా వైపు చూడకుండా. "తొవ్వల చీకటైతది. పో డాక్టరమ్మా."