గంగాళం అడుగున

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా ఊళ్లో జొన్న కంకి గింజ పట్టలేదు. బీచుపల్లి దగ్గర కృష్ణ పారుతూనే ఉంది గానీ, మల్దకల్ పక్కనున్న మా మెట్ట చేన్లకు ఆ నీళ్లు చూడ్డానికే. గాదెలు ఊడ్చుకున్నాక పెద్దలు కూర్చుని, ఉన్నవాళ్లు తలా కొన్ని జొన్నలు వేస్తే రోజుకొక పూట చావడి ముందు అంబలి కాయించాలనుకున్నారు. వడ్డించే పని మా అవ్వకు, అంటే మా నాయన తల్లికి, అప్పగించారు. ఆమె నోరు చెడ్డదే గానీ చెయ్యి మంచిదని ఊరంతా అనేది.

అంబలిని కాసేపు కదపకుంటే నూక అడుగుకు పోతుంది, పైన తేట మిగులుతుంది. గంటె పైపైన ముంచితే నీళ్లు, అడుగుకు దింపితే తిండి. అందుకే అవ్వ ప్రతి గిన్నెకూ ముందు గంగాళాన్ని అడుగుదాకా కలిపి పోసేది. వంగి వంగి సాయంత్రానికి నడుం పట్టేసేది.

పిల్లలంతా ముందు వరుస కోసం కొట్టుకుంటుంటే నేను మాత్రం తాపీగా చివర కూర్చునేదాన్ని. వడ్డించేవాళ్లు మనవాళ్లైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని పెద్దలు అనగా విన్నాను. అవ్వ నాకూ అందరిలాగే ఒక్క గంటె పోసేది. మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగోనాడు ఉండబట్టలేక, "అవ్వా, అడుగుది గూడ నాకే పొయ్యవా," అన్నాను.

అవ్వ ఆ రోజు నన్ను తిట్టలేదు. గంగాళం వంచి, గంటెతో గీకి, చిక్కటి ముద్దంతా నా గిన్నెలో వేసింది. పక్కన కూలి వాళ్ల పిల్ల ఖాళీ గిన్నె నాకుతూ నన్నే చూస్తోంది. నేను అటు తిరిగి తినేశాను. నిజం చెప్పాలంటే చాలా రుచిగా ఉంది.

ఇంటికొచ్చాక చూస్తే అవ్వ చెంబెడు నీళ్లు తాగి, తడి గుడ్డ కడుపు మీద వేసుకుని పడుకుంది. అందరికీ పోశాక అడుగున మిగిలిందే వడ్డించినవాళ్ల వంతు అని, ఆమెకు ఆ రోజంతా వేరే తిండి లేదని మా అమ్మ చెప్పింది. నేను ఏడ్చుకుంటూ పోయి పక్కన కూర్చుంటే అవ్వ కళ్లు తెరవకుండానే అంది: "ఎందుకేడుస్తవే. మనోళ్లు పోస్తే ఎక్కువనే వస్తది. గది ఎవరి గిన్నెలకెల్లి వచ్చిందో తినకముందు అడగాలె, తిన్నంక గాదు."

నాకు అరవై ఏళ్లు దాటాక ఆ మాట ఇప్పుడు నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. పార్లమెంటు ఎన్నికలకు ఇంకా పది రోజులున్నాయి. నాయకులంతా దొంగలని జన్మంతా తిట్టినదాన్ని. తీరా చూస్తే గంటె నా ఇంట్లోనే ఉంది. మా కొడుకు ఒక నాయకుడి వెంట తిరుగుతాడు. చెరువులో పూడిక తీసిన కూలీలకు పంచాల్సిన బియ్యం బస్తాలు మా నడిమింట్లో పేర్చి, మీద దుప్పటి కప్పాడు. నన్నేమో వాడకట్టు ఆడవాళ్లకు ఓటు సంగతి చెప్పమంటాడు. "మనోడు గెలిస్తే మనకేం తక్కువమ్మా, వడ్డించేటోడు మనోడే గదా," అంటాడు.

మొన్న పొద్దున చెరువులో పూడిక తట్టలు మోసిన ఒకామె మా గడప మీద కూర్చుంది. "పెద్దమ్మా, బియ్యం ఇంక రాలేదంట గదా, జర నీ కొడుకునడుగు," అంది. ఆమెకూ ఆ దుప్పటికీ మధ్య నాలుగడుగులు లేవు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రమే కొడుకును పిలిచి, ఆ బియ్యం ఎవరి గిన్నెల్లోవని అడిగాను. "నీకు తెల్వదు లేమ్మా, అంతట గిట్లనే ఉన్నది," అన్నాడు. సరే నాయనా అన్నాను. ఆ బస్తాలు పంపకానికి గడప దాటేదాకా ఈ ఇంట్లో మెతుకు ముట్టనని చెప్పాను. చెంబెడు నీళ్లు తాగి, తడి గుడ్డ కడుపు మీద వేసుకుని పడుకున్నాను.

ఇది రెండో రోజు. కొడుకు పొద్దుటినుంచి నడిమింటికీ వాకిటికీ తిరుగుతున్నాడు, నా వైపు చూడడం లేదు. చూడకపోయినా ఫరవాలేదు. ఆనాడు అవ్వకు నేను మిగిల్చిన ఆకలి ఇన్నేళ్లూ నా కడుపులోనే ఉంది, ఇంకో రెండు రోజులు ఓర్చుకోగలను.